జర్నల్‌లో రాని పేపరు ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: పార్టికల్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఒక పాత పేపరు రిఫరెన్సుల్లో జర్నల్ పేరు లేకుండా 'సెర్న్ టీహెచ్ 412, 1964, అన్‌పబ్లిష్డ్' అని ఉంది. ఇంకో పేపర్లో 'కితాయెవ్, కేఐటీపీ ప్రసంగాలు, 2015' అని ఉంది. మా లైబ్రరీలో అడిగితే దొరకవన్నారు. చూడకుండానే నా థీసిస్‌లో పెట్టేయొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చూడకుండా మాత్రం పెట్టకండి. ఒకరి లిస్టు చూసి ఇంకొకరు రాసుకుంటూ పోతే మొదటివారు చేసిన తప్పు మీ పేరు మీద కూడా పడుతుంది.

మీకు దొరకలేదన్న ఆ 412 నంబరే దాని అడ్రసు. అప్పట్లో పేపరు జర్నల్‌కి వెళ్లకముందే కాపీలు తీసి, సంస్థ నంబరు వేసి, వేరే ఊళ్ల లైబ్రరీలకి పోస్టులో పంపేవాళ్లు, వాటినే ప్రిప్రింట్లు అనేవారు. మీరడిగింది జెనీవా దగ్గరున్న సెర్న్ అనే కణ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో జార్జ్ జ్వైగ్ రాసింది. 1964 జనవరిలో 401, ఫిబ్రవరిలో 412 రాశారు, ప్రోటాన్ల లోపల ఉండే, మనం క్వార్కులు అంటున్న కణాలను ఆయన 'ఏస్‌లు' అన్నారు. అదే ఆలోచనతో గెల్‌మాన్ అనే ఇంకో శాస్త్రవేత్త రాసింది జర్నల్‌లో వచ్చింది, జ్వైగ్‌వి ప్రిప్రింట్లుగానే ఉండిపోయాయి. అంత పెద్ద పని అలా మిగిలిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 412ను 1980లో ఒక సంకలనంలో వేశారు, సెర్న్ డాక్యుమెంట్ సర్వర్‌లో రెండింటి స్కాన్లూ ఉచితంగా ఉన్నాయి. వెతికేటప్పుడు నంబరు రకరకాలుగా కొట్టి చూడండి, ఎందుకంటే కవరు మీద '8419/టీహెచ్.412' అని ఉంటే లిస్టుల్లో ఇంకోలా ఉంటుంది.

ప్రిప్రింట్లను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టే ఆర్కైవ్ (arXiv) మొదలైంది 1991లో, కాబట్టి అంతకుముందువాటితోనే ఈ తిప్పలెక్కువ. ముందు పార్టికల్ ఫిజిక్స్ పేపర్ల డేటాబేస్ ఇన్‌స్పైర్‌లో రిపోర్టు నంబరుతో వెతకండి. జపాన్‌లోని కేఈకే పరిశోధన సంస్థ లైబ్రరీ స్కాన్ చేసిన పాత ప్రిప్రింట్లకి అక్కడినుంచే లింకులుంటాయి. ఇటలీలోని ట్రియెస్టేలో ఉన్న ఐసీటీపీ అనే భౌతికశాస్త్ర కేంద్రానివి అయితే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వారి డేటాబేస్ ఐనిస్‌లో చూడండి.

కితాయెవ్‌వి 2015 ఏప్రిల్ 7న, మే 27న అమెరికాలోని శాంటా బార్బరాలో ఉన్న కేఐటీపీ అనే సైద్ధాంతిక భౌతికశాస్త్ర సంస్థలో ఇచ్చిన ప్రసంగాలు, వీడియోలు కేఐటీపీ సైట్‌లోనే ఉన్నాయి. రెండూ చూసి, మీకు కావలసిన మాట ఏ నిమిషంలో వచ్చిందో రాసి పెట్టుకోండి. లెక్కలు వివరంగా కావాలంటే మాల్దసేనా, స్టాన్‌ఫర్డ్‌ల 2016 పేపరు, కితాయెవ్, సుహ్‌ల 2017 పేపరు చదివి, ప్రసంగంతోపాటు వాటినీ పెట్టండి.

ఇక 'ప్రైవేట్ కమ్యూనికేషన్' అని ఉంటే ఆ పేపరు రాసినవాళ్లకే మెయిల్ పెట్టాలి, మొహమాటపడకండి. ఏ పేపరు, ఏ పేజీ, ఏ సమీకరణం అన్నది రెండు లైన్లలో చెబితే చాలు. వాళ్లు లేకపోతే వాళ్ల విద్యార్థుల్ని, కలిసి పనిచేసినవాళ్లని అడగండి, లేదా ఫైన్‌మన్ కాగితాలు కాల్‌టెక్‌లో ఉన్నట్టు వాళ్ల యూనివర్సిటీ భద్రపరిచిందేమో కనుక్కోండి.