ఏనుగుకు స్నానం చేయించవచ్చా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వచ్చే సెలవుల్లో మేము ఇద్దరు పిల్లలతో కలిసి ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మై వెళ్తున్నాం. పదేళ్ళ క్రితం అక్కడే నేనూ మావారూ ఏనుగు ఎక్కి అడవిలో తిరిగాం. ఆ సవారీ వెనుక ఉండే హింస గురించి తరువాత చదివినప్పుడు మనసుకు చాలా కష్టమనిపించింది. ఈసారి ఏనుగులను బాధపెట్టని చోటికే వెళ్ళాలని నిశ్చయించుకున్నాం. అయితే టూర్ ఏజెంటు పంపిన జాబితాలో ఉన్న ఏడు చోట్లకూ “ఎథికల్ శాంక్చువరీ” అనే పేరే ఉంది. ఎక్కడా సవారీ లేదట. అయిదు చోట్ల మాత్రం ఏనుగుకు బురద పూసి, ఏట్లో స్నానం చేయించే కార్యక్రమం ఉంది. వీటిలో ఏది నిజమైనదో ఎలా తెలుసుకోవాలి? స్నానం చేయించడంలో తప్పేమైనా ఉందా?

జవాబు: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. దానికి జవాబు తెలిస్తే మొదటిదాని చిక్కుముడి సగం విడిపోతుంది.

ఏనుగు తనంతట తాను స్నానం చేస్తుండగా తీరిగ్గా చూసే అవకాశం దొరికితే వదులుకోకండి. నీళ్ళలోకి నెమ్మదిగా దిగి, ఒక పక్కకు ఒరిగి, తొండం కొన మాత్రం పైన ఉంచి ఒళ్ళంతా ముంచుతుంది. గట్టెక్కిన మరుక్షణమే కాలితో నేలను గీరి, ఆ మట్టిని తొండంతో ఎత్తి వీపు మీదా చెవుల వెనుకా చల్లుకుంటుంది. ఇంతసేపూ చేసిన స్నానం మట్టిపాలైందని మనకు నవ్వొస్తుంది గాని, ఎండ నుంచీ పురుగుల నుంచీ దాని చర్మాన్ని కాపాడేది ఆ మట్టిపూతే. పొద్దున ఒక బృందం, మధ్యాహ్నం ఒక బృందం వచ్చి బ్రష్షులతో తోమి ఆ పూతను కడిగేస్తూ ఉంటే, అది ఎవరి సరదా కోసం జరుగుతున్న స్నానమో వేరే చెప్పనక్కరలేదు. ఏనుగుకు నీళ్ళంటే ఇష్టమన్న మాట నిజమే. ఎప్పుడు దిగాలో, ఎంతసేపు ఉండాలో, పక్కన ఎవరుండాలో తానే నిర్ణయించుకోగలిగినప్పుడు ఆ ఇష్టం ఇంకా నిజం.

చర్మం సంగతి అలా ఉంచి అసలు విషయానికి వస్తే, మూడు నాలుగు టన్నుల బరువుండే జంతువు పదిమంది కొత్తవాళ్ళు చుట్టూ చేరి కేకలు వేస్తూ, ముఖాన నీళ్ళు చల్లుతూ, ఫోన్లు ఎత్తి పట్టుకుంటుంటే కదలకుండా నిలబడటం సహజంగా జరిగే పని కాదు. అలా నిలబడాలంటే మనిషి మాట వినకపోతే ఏమవుతుందో దానికి తెలిసి ఉండాలి. గున్నను తల్లి నుంచి విడదీసి, అటూ ఇటూ తిరగడానికి వీలులేని చెక్క బోనులో కట్టేసి, ఆకలితోనూ నొప్పితోనూ లొంగదీసే పాత పద్ధతిని థాయ్ భాషలో ఫాజాన్ అంటారు. మీరు పదేళ్ళ క్రితం ఎక్కిన ఏనుగైనా, ఇప్పుడు స్నానానికి రమ్మంటున్న ఏనుగైనా సాధారణంగా చదువుకున్నది ఆ బడిలోనే. చాలా శిబిరాలు అంబారీని దించేసి ఆ చోట బ్రష్షు పెట్టాయి. ఏనుగు అదే, దానికి నేర్పిన భయమూ అదే.

ఇందులో మీ పిల్లల క్షేమం కూడా ఇమిడి ఉంది. 2025 జనవరిలో థాయిలాండ్‌లోని యావో యాయ్ దీవిలో ఏనుగుకు స్నానం చేయిస్తున్న ఒక స్పెయిన్ యువతి ఆ ఏనుగు దాడిలోనే ప్రాణాలు కోల్పోయింది. ఎంత మచ్చికైన ఏనుగుకైనా ఉలికిపాటు ఉంటుంది. నీళ్ళలో, జారే రాళ్ళ మీద, దాని పక్కనే నిలబడిన మనిషికి తప్పుకునే దారి ఉండదు.

ఇక మొదటి ప్రశ్న. శాంక్చువరీ అనే మాటను బోర్డు మీద రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు కాబట్టి ఆ మాటకు విలువ ఇవ్వకండి. థాయిలాండ్‌లో అడవి ఏనుగుకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది; మనుషుల చేతిలో ఉన్న ఏనుగు మాత్రం 1939 నాటి చట్టం కింద గుర్రం, ఎద్దు, గేదెలతో పాటు పనిచేసే పశువుగా లెక్కకు వస్తుంది. 1988 చివర దక్షిణ థాయిలాండ్‌లో వరదలు వచ్చి కొండచరియలు విరిగిపడి వందలమంది చనిపోయాక, 1989 జనవరిలో ప్రభుత్వం అడవుల్లో వాణిజ్యపరంగా చెట్లు కొట్టడాన్ని నిషేధించింది. అడవికి అది మేలు చేసింది గాని, అప్పటిదాకా దుంగలు లాగుతూ వచ్చిన ఏనుగులకూ వాటి మావటులకూ ఒక్కసారిగా పని పోయింది. ఆకలి తీర్చుకునే దారి పర్యాటకమే అయింది. వరల్డ్ యానిమల్ ప్రొటెక్షన్ సంస్థ ఆసియాలోని ఆరు దేశాల్లో పర్యాటక కేంద్రాల్లో ఉన్న దాదాపు 3,000 ఏనుగులను పరిశీలించి 2017లో వెలువరించిన నివేదిక, ప్రతి నాలుగింటిలో మూడుకు పైగా ఏనుగులు తీవ్రమైన క్రూరత్వం మధ్య బతుకుతున్నాయని తేల్చింది. వాటిలో ఎక్కువ భాగం ఉన్నది థాయిలాండ్‌లోనే.

అందువల్ల ఏజెంటు పంపిన కార్యక్రమ పత్రాన్ని పక్కనపెట్టి, ఆ ఏడు చోట్లకూ ఒక్క ఉత్తరం రాయండి. మీ దగ్గరున్న ఏనుగు ఒక రోజును ఎలా గడుపుతుందో, తెల్లవారినప్పటి నుంచి రాత్రి దాకా, దయచేసి చెప్పండి అని అడగండి. ఏనుగు రోజుకు పదహారు గంటలకు పైగా మేస్తూ, నడుస్తూ గడిపే జీవి. సుమారు 150 కిలోల మేత తింటుంది. గడ్డి దుబ్బును తొండంతో చుట్టి పెరికి, వేళ్ళకు పట్టిన మన్ను రాలిపోయేదాకా ముందరి కాలికేసి కొట్టుకుని, ఆ తరువాతే నోట పెట్టుకుంటుంది. ఇలా ఒక్కొక్క దుబ్బూ తినే జంతువుకు తొమ్మిదింటికి ఒక బృందంతో, పదకొండింటికి ఇంకొక బృందంతో గడిపే తీరిక ఎక్కడిది? జవాబులో మేత, నీడ, తోటి ఏనుగులు, నడక కనిపిస్తే మంచి గుర్తు. మీరు ఎన్నింటికి ఫోటో దిగవచ్చో మాత్రమే కనిపిస్తే ఆ చోటును జాబితా నుంచి కొట్టేయండి.

గున్న ఏనుగుల ఫోటోలు ముందు పెట్టి పిలిచే చోట్ల తల్లి ఎక్కడుందని తప్పక అడగాలి. ఏనుగు దాదాపు 22 నెలలు మోసి కంటుంది. ఆడపిల్ల అయితే సాధారణంగా బతికినంత కాలం తల్లి గుంపులోనే ఉండిపోతుంది. ఒంటరిగా సందర్శకుల మధ్య తిరుగాడే గున్న ఆ చోటి సంగతి తానే చెబుతుంది. కాపాడి తెచ్చిన ఏనుగులకు ఆశ్రయమిచ్చే కేంద్రం జనాన్ని ఆకర్షించడానికి కొత్త గున్నలను పుట్టించదు.

పేర్లు కూడా అడుగుతారని తెలుసు. చియాంగ్ మైకి ఉత్తరాన మే తేంగ్ లోయలో లెక్ చైలర్ట్ స్థాపించిన ఎలిఫెంట్ నేచర్ పార్క్ వీటిలో అందరికీ తెలిసినది; గాయపడినవీ, చూపు పోయినవీ, ముసలివీ అయిన ఏనుగులకు అది ఆశ్రయం. 2024 అక్టోబరులో వచ్చిన వరదలో అక్కడి వందకు పైగా ఏనుగులను మెరక ప్రాంతానికి తరలించినా రెండు ఏనుగులు మునిగి చనిపోయాయి. చాంగ్‌చిల్ అనే మరో చోటు ఒకప్పుడు పర్యాటకులు ఏనుగులతో ఆటలాడిన శిబిరమే. 2019లో అది దూరం నుంచి చూడటానికి మాత్రమే అనుమతించే పద్ధతికి మారింది. సొంత వ్యాపారాన్ని తిరగరాసుకున్న అలాంటి వాళ్ళంటే నాకు కొంచెం ఎక్కువ గౌరవం. అయినా ఏ పేరునూ గుడ్డిగా నమ్మకుండా, పైన చెప్పిన ఉత్తరాన్ని వీళ్ళకు కూడా రాయండి.

ప్రశ్న: మేము చూసిన ఒక కేంద్రంలో ఏనుగు ఒకే చోట నిలబడి తల అటూ ఇటూ ఊపుతూ, కాలు ఎత్తి దించుతూ ఉంది. సంగీతానికి నాట్యం చేస్తోందని గైడు చెబితే పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకెందుకో అది సంతోషంలా అనిపించలేదు. నా అనుమానం సరైనదేనా?

జవాబు: సరైనదే. ఎక్కువ కాలం గొలుసుతో ఒకే చోట గడిపిన ఏనుగులు ఇలా ఒకే కదలికను గంటల తరబడి చేస్తూ ఉండటం పశువైద్యులకు బాగా తెలిసిన లక్షణం. సంగీతం ఆగాక కూడా ఊగుతూనే ఉందా అన్నది మీరు చూసి ఉంటే మీకే తేలిపోయేది. విడుదలై మంచి చోటికి వచ్చాక కూడా కొన్ని ఏనుగుల్లో ఆ అలవాటు ఏళ్ళ తరబడి మిగిలిపోతుంది కాబట్టి, ఆ ఒక్కటే చూసి ఇప్పటి యజమానిని నిందించలేం. దానికి నాట్యమని పేరు పెట్టి చప్పట్లు కొట్టించే చోటికి మాత్రం మళ్ళీ వెళ్ళకండి.

ప్రశ్న: మావటి చేతిలో అంకుశం, ఏనుగు కాలికి గొలుసు కనిపిస్తే అక్కడి నుంచి వెంటనే వచ్చేయాలా?

జవాబు: కనిపించినంత మాత్రాన వచ్చేయనక్కరలేదు, కాసేపు గమనించండి. మగ ఏనుగుకు మదం పట్టినప్పుడు, అంటే కంటికీ చెవికీ మధ్య ఉండే గ్రంథి నుంచి నల్లని చారగా ద్రవం కారే ఆ రోజుల్లో, దానిని మనుషులకూ తోటి ఏనుగులకూ దూరంగా ఉంచక తప్పదు. అందుకు బలమైన కంచెలున్న ఆవరణలు కట్టే స్తోమత చిన్న కేంద్రాలకు ఉండదు. చుట్టుపక్కల పొలాలున్న చోట రాత్రిపూట పొడవాటి గొలుసు వేసేవారూ ఉన్నారు. చూడవలసినవి గొలుసు పొడవు, దానిని వేసి ఉంచే గంటలు, కింద ఉన్న నేల. రోజంతా సిమెంటు గచ్చు మీద నిలబడిన ఏనుగుకు పాదాలు పుండ్లు పడతాయి. మనుషుల చేతిలో ఉన్న ఏనుగుల ప్రాణం మీదికి తెచ్చే జబ్బుల్లో పాదాల జబ్బు ముఖ్యమైనది. అంకుశం విషయంలో ఒక చిన్న పరీక్ష ఉంది: మావటి చెయ్యి పైకి లేచినప్పుడు ఏనుగు కళ్ళు మూసుకుని తల వెనక్కి తీసుకుంటే, అతను అప్పుడు కొట్టకపోయినా అంతకుముందు ఏం జరిగిందో అర్థమవుతుంది. నుదుటి మీదా చెవుల వెనుకా మానిన గాట్లు కూడా కనిపిస్తాయి గాని, కాపాడి తెచ్చిన ఏనుగు ఒంటి మీద పాత యజమాని చేసిన గాయాలూ ఉంటాయని మరిచిపోకూడదు.

మావటులను ఎవరైనా ఒక్క మాటలో దుర్మార్గులుగా చిత్రిస్తే నేను ఒప్పుకోను. చాలామంది కరెన్, కుయ్ వంటి తెగలవారు. తరతరాలుగా ఏనుగులతో బతికినవారు. జీతం తక్కువ, పని ప్రమాదకరం. మంచి కేంద్రం ఏదో తెలుసుకోవాలంటే మావటి అక్కడ ఎన్నేళ్ళుగా, ఎన్ని ఏనుగులతో పనిచేస్తున్నాడో అడగడం కూడా మంచి మార్గమే.

ప్రశ్న: అసలు ఎవరూ వెళ్ళకపోతేనే ఈ వ్యాపారం ఆగుతుంది కదా?

జవాబు: ఆగితే ఏమవుతుందో 2020లో చూశాం. కరోనా కారణంగా పర్యాటకులు రావడం నిలిచిపోయేసరికి శిబిరాలు మూతపడ్డాయి. మేత కొనే డబ్బు లేక మావటులు తమ ఏనుగులను రోజుల తరబడి నడిపించుకుంటూ కొండ ఊళ్ళకు తిరిగి వెళ్ళారు. మనుషుల మధ్య పెరిగిన ఏనుగులన్నింటినీ అడవిలో వదిలిపెట్టడానికి సరిపడా అడవి మిగల్లేదు. వదిలినా చాలావరకు పొలాల మీద పడతాయి. ఏనుగు అరవై ఏళ్ళు బతకగల జీవి కాబట్టి, ఇప్పుడున్న ఏనుగుల మేత ఖర్చు మరి కొన్ని దశాబ్దాల పాటు ఎవరో ఒకరు భరించవలసిందే. వెళ్ళడం ఇష్టం లేనివారు వైద్యానికి విరాళం ఇవ్వవచ్చు. లాంపాంగ్‌లో 1993లో మొదలైన ఏనుగుల ఆసుపత్రి, 1999లో మందుపాతర పేలి పాదం కోల్పోయిన మొతాలా అనే ఏనుగుకు ఏళ్ళ తరబడి వైద్యం చేసి, 2009లో కృత్రిమ కాలు అమర్చగలిగింది. అలాంటి పనులన్నీ విరాళాలతోనే నడుస్తాయి. వెళ్ళేవారు మాత్రం తాకే కార్యక్రమాలు లేని చోటికి డబ్బు చెల్లిస్తే, పక్క శిబిరం యజమానికి ఆ లెక్క బాగానే అర్థమవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు. తాకడానికి లేదంటే ఏడుస్తాడేమో. ఏం చెప్పమంటారు?

జవాబు: ఒక బైనాక్యులర్ కొనివ్వండి. ఏనుగు తొండం కొనతో నేల మీది చిన్న ఆకును ఎలా పట్టుకుంటుందో, చెవులను ఎప్పుడు విసురుతుందో, నడుస్తూ తోటి ఏనుగు నోటిలో తొండం పెట్టి ఎలా పలకరిస్తుందో లెక్కపెట్టి రాసుకొమ్మని ఒక నోటు పుస్తకం కూడా చేతికివ్వండి. పిల్లవాడికి జలుబో దగ్గో ఉంటే ఆ రోజు ప్రయాణం వాయిదా వేసుకోండి. క్షయ వంటి జబ్బులు మనిషి నుంచి ఏనుగుకూ, ఏనుగు నుంచి మనిషికీ సోకుతాయి. ఏనుగులు చెట్ల వెనక్కి వెళ్ళిపోయి ఆ పూటంతా బయటికి రాకపోవచ్చని ముందే చెప్పి తీసుకెళ్ళండి.