పిల్లల్లో టిక్స్: సైకాలజిస్ట్ దగ్గర నిజంగా ఏం జరుగుతుంది?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్ళు. ఎనిమిది నెలలుగా కళ్ళు గట్టిగా ఆర్పుతున్నాడు. కళ్ళ డాక్టర్ చూసి ఏమీ లేదన్నారు. మూడు నెలల నుంచి గొంతు కూడా మాటిమాటికీ సవరించుకుంటున్నాడు. వాళ్ళ నాన్న కోప్పడితే ఇంకా ఎక్కువవుతోంది. క్లాసులో లేచి చదవాలంటే భయం, ఆ రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటాడు. పిల్లల డాక్టర్ చైల్డ్ సైకాలజిస్ట్‌కు చూపించమన్నారు. మా అత్తగారేమో 'వాడికేమైనా పిచ్చా' అంటున్నారు. మందులు లేకుండా ఉత్త మాటలతో ఇది తగ్గుతుందా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇవి 'టిక్స్', అంటే మన అదుపులో లేకుండా పదేపదే వచ్చే చిన్న కదలికలు, శబ్దాలు అనిపిస్తోంది. ఇది పిచ్చి కాదు, మొండితనం కాదు, దిష్టి అంతకన్నా కాదు. మెదడులో కదలికలను అదుపు చేసే భాగాల పనితీరులో తేడా వల్ల వస్తాయి. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగానూ కనిపిస్తాయి. ఎక్కువగా ఐదారేళ్ళ వయసులో మొదలై, పది పన్నెండేళ్ళప్పుడు ముదిరి, టీనేజ్ దాటేసరికి చాలామందిలో బాగా తగ్గిపోతాయి. మధ్యలో కొన్ని వారాలు కనిపించకుండా పోయి మళ్ళీ రావడం కూడా మామూలే.

బాబు నాన్నగారికి ఒక మాట. తుమ్ము వస్తుంటే కాసేపు ఆపుకోగలం, అంతకుమించి మన చేతిలో ఉండదు. టిక్ కూడా అంతే. కాసేపు ఆపుకోగలడు కాబట్టే 'కావాలని చేస్తున్నాడు' అనిపిస్తుంది. డాక్టర్ ఎదుట కూర్చున్న అరగంటలో ఒక్కసారి కూడా కన్ను ఆర్పని పిల్లలు చాలామంది. అందుకే ఫోన్‌లో చిన్న వీడియో తీసి తీసుకెళ్ళండి.

ఇక మీ అసలు ప్రశ్న. ఉత్త మాటలతో పెద్దగా తగ్గదన్న మీ అనుమానం నిజమే. అమెరికాలో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన జాన్ పియాసెంటినీ అనే చైల్డ్ సైకాలజిస్ట్ తన కెరీర్‌లో ఎక్కువ భాగం పిల్లల యాంగ్జైటీ (అతి ఆందోళన), ఓసీడీ (వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్ళీ మళ్ళీ వెంటాడే సమస్య), టిక్స్ మీదే పనిచేశారు. ఆయన బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో టిక్స్ ఉన్న 126 మంది పిల్లలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ధైర్యం చెప్పి, జబ్బు గురించి వివరించారు. వాళ్ళలో బాగా మెరుగైనవాళ్ళు నూటికి 18 మందే. రెండో గుంపుకు పది వారాల్లో ఎనిమిది సెషన్ల శిక్షణ ఇచ్చారు. వాళ్ళలో నూటికి 52 మందికి పైగా మెరుగయ్యారు.

ఆ శిక్షణలో ఉండేది ఇదీ. టిక్ వచ్చే ముందు కంట్లోనో గొంతులోనో ఏదో ఇబ్బంది మొదలవుతుంది. ముందు దాన్ని పసిగట్టడం నేర్పిస్తారు. అది రాగానే టిక్‌కు అడ్డుపడే మరో పని చేయాలి. గొంతు సవరించుకోవాలనిపిస్తే నోరు మూసుకుని ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, కన్ను ఆర్పాలనిపిస్తే చూపు ఒకచోట నిలిపి మెల్లగా, తనకు తానుగా రెప్పలు వేయడం. ఒక నిమిషమో, ఆ ఇబ్బంది పోయేవరకో అలా చేయాలి. ఈ పద్ధతికి పునాది 1973లోనే పడింది. ఇంట్లో రోజూ సాధన చేయిస్తేనే పట్టుబడుతుంది. మెచ్చుకోవాల్సింది సాధన చేసినందుకు, టిక్ రానందుకు కాదు. టిక్ వచ్చినప్పుడు మాత్రం ఇంట్లో ఎవరూ పట్టించుకోనట్టే ఉండాలి. 'అదిగో మళ్ళీ' అనడం, పాపం అని దగ్గరకు తీసుకోవడం, రెండూ వద్దు.

క్లాసులో చదవాలంటే ఉన్న భయాన్ని వేరుగా చూడాలి. టెన్షన్ వల్ల టిక్స్ పుట్టవు కానీ పెరుగుతాయి. కడుపునొప్పి అన్నప్పుడల్లా స్కూల్ మాన్పిస్తే భయం ముదురుతుంది. ముందు మీ ఎదుట, తర్వాత ఇద్దరు స్నేహితుల ముందు, ఆపైన క్లాసులో రెండు వాక్యాలు, ఇలా మెట్టు మెట్టుగా చదివించాలి. సైకాలజిస్ట్ చేయించేదీ ఇదే. 488 మంది పిల్లలతో 2008లో వచ్చిన మరో పరిశోధనలోనూ పియాసెంటినీ ఉన్నారు. యాంగ్జైటీకి ఇలాంటి థెరపీ ఒక్కటే ఇచ్చినా, మందు ఒక్కటే ఇచ్చినా ఫలితం దాదాపు సమానమని, రెండూ కలిపితే ఇంకా మెరుగని అందులో తేలింది. మీ బాబుకు మందు గురించి ఇప్పుడే ఆలోచించక్కర్లేదు. టిక్స్ వల్ల నొప్పి వచ్చినా, చదువు దెబ్బతిన్నా క్లోనిడిన్ లాంటి మందులు డాక్టర్ రాస్తారు.

బోర్డు మీద 'కౌన్సెలర్' అని ఉంటే సరిపోదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో క్లినికల్ సైకాలజిస్ట్‌గా రిజిస్టర్ అయ్యారా, టిక్స్‌కు ఈ శిక్షణ ఇస్తారా అని ముందే అడగండి. అడగడంలో తప్పులేదు. దగ్గర్లో ఎవరూ లేకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

కదలికలతో పాటు స్పృహ తప్పినా, చూపు నిలిచిపోయి పిలిస్తే పలకకపోయినా, నడక మారినా మాత్రం సైకాలజిస్ట్ కోసం ఆగకుండా వెంటనే పిల్లల న్యూరాలజిస్ట్‌కు చూపించండి.