మందారం పీకేయమంటారా? – పెరటి మొక్కల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్తే అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. రెండేళ్ల క్రితం కొత్తిల్లు కట్టుకున్నాక కడియం వెళ్లి ఒక ఎర్ర ముద్దమందారం, ఒక నందివర్ధనం తెచ్చి బోరింగు దగ్గర పక్కపక్కనే పాతాం. రెండిటికీ ఒకటే నీళ్లు, ఒకటే ఎరువు, ఏ తేడా చూపించలేదు. నందివర్ధనం నా నడుం దాటి పెరిగి రోజూ సజ్జ నిండా పూలిస్తుంది. మందారం మాత్రం ఆకులు పసుప్పచ్చబడి రాలిపోతున్నాయి, మొగ్గేస్తుంది గానీ విచ్చుకోకుండానే పడిపోతుంది, చివర చిగుళ్లు ముడుచుకుపోయి గుత్తిలా అయిపోయి తెల్లగా దూదిలా ఏదో పట్టింది. చేనుకి వేయగా మిగిలిన డీఏపీ కూడా రెండు సార్లు గుప్పెడేసి వేశాం. మా అత్తయ్యగారేమో ఈ మట్టికి మందారం అచ్చిరాదు, పీకేసి ఇంకో నందివర్ధనం పెట్టెయ్ అంటున్నారు. పీకేయమంటారా?

జవాబు: పీకకండమ్మా, ఇంకా టైముంది. బోరింగు దగ్గర అన్నారు చూడండి, సగం సంగతి అక్కడే ఉంది. బోరింగు కొట్టినప్పుడల్లా, గిన్నెలు తోమినప్పుడల్లా ఆ నీళ్లన్నీ అక్కడే ఇంకుతాయి, పైగా మన కోనసీమలో వానాకాలం కాస్త లోతు తవ్వితే చాలు నీరు ఊరిపోతుంది. నల్లమట్టి తడిస్తే జిగురుగా మూసుకుపోయి లోపలికి గాలి ఆడదు. మందారం వేరుకి తడి ఎంత ఇష్టమో గాలీ అంతే కావాలి, నిలవ నీళ్లలో వేరు కుళ్లిపోతుంది, కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు కదా, అందుకే కింద చెమ్మగా ఉన్నా పైన మొక్క వడిలినట్టు కనపడుతుంది, అది చూసి మనం అయ్యో ఎండిపోతుందని ఇంకో బిందె పోస్తాం. నీళ్లు చాలక పోయిన మందారాలు నేను చూసినవి తక్కువే, ఇలా నీళ్లెక్కువై పోయినవే ఎక్కువ, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

నందివర్ధనం సంగతి వేరు. అది గన్నేరు కుటుంబం, తుంచితే పాలు కారే జాతి. నీళ్లు ఓ పది రోజులు ఎక్కువైనా తక్కువైనా ఓర్చుకుంటుంది, కొబ్బరి చెట్ల కింద పలచటి నీడలో కూడా పూస్తుంది, ఎరువు ఏడాదికి రెండు సార్లు వేసినా సరిపెట్టుకుంటుంది. అందుకని దానికి పోసిన నీళ్లే, దానికి పెట్టిన చోటే మందారానికీ ఇస్తే తేడా చూపించకపోవడం అవ్వదు, మందారానికి అన్యాయం చేసినట్టే అవుతుంది.

ముందు చిన్న పరీక్ష చేయండి. మందారానికి రెండు గజాల దూరంలో అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తీసి నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి, మళ్లీ నింపండి. రెండోసారి పోసినవి మూడు నాలుగు గంటల్లో ఇంకిపోతే చోటు పరవాలేదు. తెల్లారి చూసినా నిలిచే ఉన్నాయంటే మందారాన్ని అక్కణ్ణించి తీసేయాల్సిందే. తొలకరి పడి ఎండలు చల్లబడ్డాక మబ్బు పట్టిన సాయంత్రం చూసుకుని, ముందురోజు కొమ్మల్ని మూడో వంతు కత్తిరించేసి, మొదలుకి అడుగు దూరం నుంచి చుట్టూ తవ్వి మట్టి ఉండతో సహా లేపండి. అప్పుడు వేర్లు తప్పకుండా చూడండి. మంచి వేరు మీగడ రంగులో గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు నల్లగా ఉండి రెండు వేళ్లతో పట్టి లాగితే పైతొక్క జారిపోయి లోపల దారంలాంటి నార మాత్రం చేతిలో మిగులుతుంది, అలాంటివన్నీ కత్తిరించేయండి. ఇంకోటి, నర్సరీ కవరు చింపి ఉండని అలాగే పాతేసి ఉంటే రెండేళ్లయినా వేర్లు ఆ కవరు ఆకారంలోనే చుట్టలు చుట్టుకుని ఉండొచ్చు, వాటిని వేళ్లతో మెల్లిగా విప్పండి. ఒకవేళ మొక్క బతకకపోతే అన్న భయముంటే, కత్తిరించిన కొమ్మల్లోంచి పెన్సిల్ లావున జానెడు ముక్కలు నాలుగైదు తీసి కింద ఆకులు తీసేసి ఇసకలో గుచ్చి నీడన పెట్టండి, చిగురేస్తాయి.

కొత్త చోటు రోజుకి అయిదారు గంటలు ఎండ తగిలేది చూసుకోండి. నేల మీద అడుగున్నర ఎత్తు, నాలుగడుగుల వెడల్పు దిబ్బ పోసి దాని మీద నాటాలి. దిబ్బకి లంక మట్టి, అంటే గోదావరి లంకల ఒండ్రు మట్టి, రెండు వంతులు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక వంతు, దొరికితే రెండు గుప్పిళ్లు వేపపిండి. ఉన్న నల్లమట్టిలోనే రెండు తట్టల ఇసక కలిపేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు, సరిపోదు, కొద్దిపాటి ఇసక కలిసిన నల్లమట్టి ఆరాక ఇటికలా బిగుసుకుపోతుంది. నీళ్లు ఎప్పుడు పోయాలంటే, వేలు రెండు కణుపులు మట్టిలో గుచ్చి పొడిగా తగిలితేనే.

డీఏపీ ఇంక వద్దు. అందులో భాస్వరం ఎక్కువ, భాస్వరం ఎక్కువైతే మందారం ఇనుము సరిగ్గా తీసుకోలేదు, లేత ఆకు పసుపుగా ఉండి ఈనెలు మాత్రం పచ్చగా కనపడతాయి, మీ మొక్కకి అలా ఉందేమో చూడండి. ఎరువు కొంచెం కొంచెంగా నెలకోసారి పశువులదో వర్మీకంపోస్టో చాలు, అదీ నాటిన నెలన్నర తర్వాతే మొదలెట్టండి.

ఆ తెల్లటి దూది పిండినల్లి. మందారమంటే దానికి మహా ఇష్టం, రసం పీలుస్తూ వదిలే ఉమ్మి వల్లే చిగుళ్లు అలా ముడుచుకుని గుత్తి కడతాయి. ముడుచుకున్న చివళ్లన్నీ తుంచి సబ్బునీళ్ల బకెట్లో ముంచేయండి, పెరట్లో పారేశారంటే మళ్లీ ఎక్కేస్తాయి. మిగతా మొక్కని పైపుతో గట్టిగా కడిగి, సాయంత్రం పూట లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి ఆకుల అడుగున కూడా తడిసేలా కొట్టండి, వారానికోసారి మూడు వారాలు. కొమ్మ మీద చీమలు బారు కట్టి ఉంటాయి, పిండినల్లి వదిలే తీపి కోసం వస్తాయవి, దాన్ని తినే పురుగుల్ని దగ్గరికి రానివ్వవు, అందుకని పక్క మొక్కల కొమ్మలు మందారానికి తగలకుండా కత్తిరించి చీమల దారి తెంపండి.

మందు కొట్టేముందు ఒక్క నిమిషం వంగి చూడండి. ఆ గుంపులో ఒకటి అరా కాస్త పెద్దవిగా, ఒళ్లంతా తెల్లటి పొడుగాటి కుచ్చులతో చకచకా తిరుగుతూ కనపడితే అవి పిండినల్లి కాదు, పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్లలు. ఎంతోమంది వాటినే ముందు నలిపేస్తారు. అవి ఉన్న కొమ్మని వదిలేయండి, మీకంటే బాగా శుభ్రం చేస్తాయి.

నందివర్ధనానికి చీడ రాదని మాత్రం అనుకోకండి. ఒకరోజు పొద్దున్నే కొమ్మలకి ఆకుల్లేకుండా పోయి కింద మిరియాల్లాంటి నల్ల రెట్టలు పడి ఉంటే పైకి చూడండి, వేలు లావున ఆకుపచ్చ గొంగళి ఒకటి, తల దగ్గర రెండు నీలం కళ్లలాంటి మచ్చలు, తోక దగ్గర చిన్న కొమ్ము. చూస్తే హడలిపోతాం గానీ కుట్టదు, పుల్లతో తీసేస్తే చాలు, మందులక్కర్లేదు, మొక్క పది పదిహేను రోజుల్లో మళ్లీ చిగురేస్తుంది. మీ అత్తయ్యగారికి చెప్పండి, ముద్దమందారం మన మట్టికి కొత్తదేం కాదు, దానికి కావాల్సిందల్లా కాస్త మెరక.

ప్రశ్న: మాది నరసాపురం వైపు. వేసవిలో కాలవ కట్టేస్తే బోరు నీళ్లే గతి, అవి ఉప్పగా ఉంటాయి. మందారం, నందివర్ధనం రెండూ కుండీల్లో ఉన్నాయి, ఆకుల అంచులు మాడిపోతున్నాయి. నీళ్లు తక్కువై అంటారా?

జవాబు: కాదండి, ఉప్పు పేరుకుని. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందేమో చూడండి. ఉప్పు నీళ్లు రోజూ చెంబుడు చెంబుడు పోస్తే నీరు ఆవిరై ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. పోసినప్పుడు అడుగు చిల్లులోంచి కారేదాకా పోయండి, వానలు పడగానే కుండీల్ని బయట పెట్టి బాగా తడవనివ్వండి. కొబ్బరి పొట్టు పైన పరిస్తే తడి నిలుస్తుంది గానీ అందులోనూ ఉప్పుంటుంది, రెండు మూడు సార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండి వాడాలి.

ప్రశ్న: కళ్లు మండుతుంటే నందివర్ధనం పాలు కంట్లో వేసుకోమని మా ఊళ్లో ఒకావిడ చెప్పారు. వేయొచ్చా?

జవాబు: వద్దు, ఒక్క చుక్క కూడా వద్దు. మూసుకున్న రెప్పల మీద చల్లగా పూలు పెట్టుకోవడం మన ఇళ్లల్లో ఉన్నదే, అది వేరు. పాలు కంటికి మంట పెట్టేవి, అందుకే పూలు కోశాక, కొమ్మలు కత్తిరించాక చేతులు సబ్బుతో కడుక్కోమంటాం. పూలు కళ్ల మీద పెట్టుకునేటప్పుడు కూడా తొడిమ తుంచిన చోట పాలు ఆరాయో లేదో చూసుకోండి. పొరపాటున కంట్లో పడితే మంచినీళ్లతో పావుగంట కడిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.