సయాటికా అంటే ఏమిటి?

ప్రశ్న: మా నాన్నగారు అంబాజీపేటలో కొబ్బరికాయల బస్తాలు మోస్తారు. నడుం నుంచి పిక్కదాకా నొప్పి లాగేస్తోందంటే డాక్టర్‌గారు చీటీ మీద ‘సయాటికా’ అని రాశారు. ఆ మాటకి అర్థం ఏమిటండీ?
– ఓ పాఠకురాలు, అమలాపురం

జవాబు: పేరు చూసి టెన్షన్ పడకండమ్మా, ‘తుంటికి సంబంధించినది’ అని దానర్థం, అంతే. గ్రీకులో తుంటిని ‘ఇస్కియోన్’ అంటారు, దాన్నుంచి పుట్టిన మాట లాటిన్‌లో నలిగి నలిగి, ముందున్న ‘ఇ’ కాస్తా రాలిపోయి, సయాటికా అయింది. మన ఆయుర్వేదంలో గృధ్రసి అంటారు.

పేరు తుంటిది గానీ చిక్కు చాలాసార్లు నడుం దగ్గరే. వెన్నుపూసల మధ్య డిస్క్ పక్కకి జరిగి నరం మొదలుని నొక్కితే, ఒంట్లో అన్నిటికన్నా లావైన ఆ నరం వెళ్లే దారంతా, అంటే పిరుదు, తొడ వెనక, పిక్క, పాదం దాకా నొప్పి పాకుతుంది. తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయన్నట్టు! డాక్టర్లు వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తి చూసేది ఆ నరాన్ని సాగదీసి చూడటానికే.

చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. అందాకా బస్తాల జోలికి వెళ్లనివ్వకండి. కాలు పట్టు తప్పినా, మలమూత్రాలు అదుపు తప్పినా మాత్రం ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.