నెల్లూరులో తాతల నాటి ఇంటికి వారసత్వ గుర్తింపు వస్తుందా?

మూలాపేటలోని మీ తాతగారి మండువా ఇంటిని రక్షిత కట్టడంగా ప్రకటిస్తారా అని అడిగారు. పాతదైనంత మాత్రాన ఇవ్వరండీ. పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 కేంద్ర చట్టం కింద కనీసం 100 ఏళ్ల వయసుతో పాటు జాతీయ ప్రాధాన్యమూ ఉండాలి. ముందు నోటిఫికేషన్, ఆపై అభ్యంతరాలకు 2 నెలల గడువు. రక్షిత కట్టడంగా ప్రకటించాక దాని చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడాలు నిషేధం. ఇక పక్కింటివాళ్లు ఊరుకుంటారా!

కాబట్టి మీలాంటి ఇళ్లకు రాష్ట్ర పురావస్తు శాఖే దిక్కు. పాత దస్తావేజులు, టేకు స్తంభాల ఫొటోలు జతచేసి అర్జీ పెట్టండి. వారసత్వ పరిరక్షణకు పనిచేసే స్వచ్ఛంద సంస్థ ఇంటాక్ జాబితాలో చేరడం గౌరవమే కానీ దానికి చట్టబలం లేదు.

ఈలోగా గానుగ సున్నం గోడల మీద సిమెంటు మాత్రం పూయించకండి. తేమ లోపలే చిక్కుకుని గోడ పెచ్చులూడుతుంది.