లేహ్ వెళ్తున్న పాపకు పెదనాన్న రాసేది

పాపా,

నీకు లేహ్‌లో పోస్టింగ్ అని మీ నాన్న కావలి బజార్లో కనిపించి చెప్పాడు. రొమ్ము విరుచుకుని చెప్పాడు గానీ గొంతులో వణుకు తెలుస్తూనే ఉంది. ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా రిటైరైన వాణ్ణి, నువ్వు ఆఫీసరువైనా సరే నా మాట విను.

చలికి గాలి చిక్కబడుతుంది, థ్రస్ట్, అంటే ఇంజిన్ తోసే బలం, పెరుగుతుంది, నిజమే. కానీ లేహ్ రన్‌వే 3,200 మీటర్ల పైన ఉంది, అక్కడ గాలి ఒత్తిడి మన మైపాడు బీచ్‌లో ఉండేదాంట్లో మూడింట రెండొంతులే, చలి ఇచ్చింది ఎత్తు లాగేసుకుంటుంది. అందుకే రీడింగులన్నీ సముద్రమట్టానికి, 15 డిగ్రీలకు మార్చాకే ఇంజిన్ మంచిచెడ్డలు మాట్లాడు. ఆయిల్ వేడెక్కేదాకా ఇంజిన్‌ని ఐడిల్‌లోనే, అంటే అతి తక్కువ వేగంలోనే ఉంచు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా థర్మామీటర్ గురించి, రీడింగులు మార్చే లెక్కంతా ఇంజిన్ పీల్చే గాలి టెంపరేచర్ మీదే ఉంటుంది కదా. మా సీనియర్ ఒకాయన, పని రాక్షసుడు, చలికి బద్ధకించి బుఖారీ, అదే వెచ్చదనానికి పెట్టే పొయ్యి, వెలిగే షెడ్డు గోడకున్న థర్మామీటర్ చూసి సున్నా అని రాసేశాడు. బయట ఇన్‌టేక్ దగ్గర, ఇంజిన్ గాలి పీల్చే నోటి దగ్గర, మైనస్ 15. ఆ తేడాకే ఆర్పీఎమ్, అంటే ఇంజిన్ తిరిగే వేగం, లెక్క దాదాపు 3 శాతం తప్పుతుంది. నిజంగా ఉన్న దానికంటే తక్కువ ఆర్పీఎమ్ అని లెక్క తేలింది, ఆ ఆర్పీఎమ్‌కు చార్టులో రావాల్సిన ప్రెషర్ కంటే ఎక్కువే వస్తోందని కనబడింది, గాలిని నొక్కి పంపే కంప్రెసర్, అరిగిపోయింది కాస్తా, కొత్త పెళ్లికొడుకులా పాసైపోయింది. మర్నాడు ఇంకో షిఫ్టు వాళ్లు ఇన్‌టేక్ ముందు, నీడలో కొలిచి మళ్లీ రన్ చేస్తే గానీ బండారం బయటపడలేదు. ఆ ఇంజిన్ దించుతుంటే ఆయన మొహం చూడలేకపోయాం. అంకె ఒక్కటే రాయకు తల్లీ, ఎక్కడ కొలిచావో కూడా రాయి. "ఎవరు చూస్తార్లే" అనే వాళ్ల పక్కన నిలబడొద్దు, నువ్వు చిన్నప్పుడు హోంవర్క్‌కి అదే మాట అనేదానివి, మర్చిపోలేదు నేను.

ఇన్‌టేక్‌లో ఐస్ కట్టకుండా యాంటీ ఐస్ ఆన్ చేస్తే కంప్రెసర్ నుంచే వేడిగాలి పోతుంది, థ్రస్ట్ తగ్గి ఎగ్జాస్ట్ టెంపరేచర్ పెరుగుతుంది. అది ఆన్‌లో ఉందో లేదో రాసుకోకుండా రెండు రన్‌లను పోల్చకు. మంచు పొగ పట్టిందంటే సున్నా పైన నాలుగైదు డిగ్రీలున్నా ఇన్‌టేక్‌లో ఐస్ కడుతుంది, మైనస్సే కావాలని లేదు.

గ్లౌజులు తీసి ఇనుము ముట్టుకోకు, చర్మం అతుక్కుంటుంది. వెళ్లిన కొత్తలో మెట్లు కూడా పరిగెత్తి ఎక్కకు. పెద్దమ్మ గోంగూర పచ్చడి కడుతోంది, విమానంలో కారకుండా డబ్బాకి టేపు వేయమని నేనే చెప్పా.

ఇంజిన్ల సంగతులు ఫోన్‌లో చెప్పకు. అన్నం తిన్నావో లేదో చెప్పు చాలు.

మీ పెదనాన్న