మా చింతాకు పతకం, అందులో రంగు కలవని ఏడో కెంపు

ప్రశ్న: "మా నాయనమ్మ నుంచి వచ్చిన రాళ్ళ పతకం నిజాం కాలం నాటిదని ఇంట్లో అంటారు. అది నిజమని ఎలా తెలుస్తుంది? సర్టిఫికెట్ ఎవరిస్తారు?"

సర్టిఫికెట్ సంగతి ముందే చెప్పేస్తాను. రత్నాల ల్యాబ్ వాళ్ళిచ్చే కాగితంలో అది ఏ రాయి, ఎంత బరువు, భూమిలో దొరికిందా ఫ్యాక్టరీలో చేసిందా అన్నది ఉంటుంది. అది ఎవరి మెడలో ఉండేది, ఎవరు ఎవరికి పెట్టారు అన్నది ఏ మెషినూ చెప్పలేదు. హాల్‌మార్క్ లేదని కూడా టెన్షన్ పడకండి, మన దేశంలో బంగారానికి ఆ ముద్ర మొదలైందే 2000లో. మీరు వెతకాల్సింది మీ ఇంట్లోనే, ట్రంకుపెట్టెల్లో, పెద్దవాళ్ళ నోట్లో. ఇది నేను గట్టిగా ఎందుకు అంటున్నానంటే మాకు అలాగే దొరికింది కాబట్టి.

మా అమ్మమ్మకి ఒక చింతాకు పతకం ఉండేది. మధ్యలో పచ్చ, చుట్టూ చింతాకు రెబ్బల్లా ఏడు కెంపులు, కింద రెండు ముత్యాలు. అమ్మమ్మ వాళ్ళ ముత్తాత వైద్యం చేసేవారట, జమీందారు గారి కోడలికి కాన్పు గండం తప్పించినందుకు ఆయన ఇచ్చారని, రెండొందల ఏళ్ళ నాటిదని అమ్మమ్మ చెప్పేది. పెళ్ళిళ్ళలో పెట్టుకున్న ప్రతిసారీ చెప్పేది, మేం సగం విని వదిలేసేవాళ్ళం.

2019లో అమ్మ దాన్ని నాకు ఇచ్చింది. ముత్యం ఒకటి ఊగుతోందని విజయవాడలో ఒక పెద్ద షాపుకి తీసుకెళ్ళాను. అక్కడి అబ్బాయి మెషిన్ కింద పెట్టి రెండు నిమిషాల్లో "లోపలంతా లక్కే మేడమ్, బంగారం చాలా తక్కువ. రాళ్ళకి మేం విలువ కట్టం. కరిగించేసి కొత్త మోడల్ తీసుకోండి, తరుగులో డిస్కౌంట్ ఇస్తాం" అన్నాడు. ఆ పక్క కౌంటర్లోనే నిన్నగాక మొన్న చేసిన బంగారానికి నలుపు రంగు పట్టించి 'యాంటిక్' అని బోర్డు పెట్టి ఎక్కువ మజూరీకి అమ్ముతున్నారు. అసలు పాతదేమో కరిగించమంటారు, కొత్తదానికి పాత రంగు వేసి అమ్ముతారు. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

తర్వాత మా పెద్దమ్మ చెబితే బందరులో ఒక ఆచారి గారి దగ్గరకి వెళ్ళాం. ఎనభై దాటిన మనిషి. గిల్టు నగలకి పేరుపడ్డ చిలకలపూడి దగ్గర ఇల్లు అనగానే మా వాళ్ళు గిల్టు పనేమో అనుకున్నారు గానీ ఆయనది తాతల నాటి నుంచి అచ్చంగా బంగారం పని. అరుగు మీద తెల్ల గుడ్డ పరిచి, పతకం చేతిలోకి తీసుకుని మొట్టమొదట వెనక్కి తిప్పారు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. పాత పద్ధతిలో రాయి కింద తళుకు రేకు వేసి, వెనకంతా మూసేసి, లోపల లక్క పోసి, రాయి చుట్టూ మేలిమి బంగారపు రేకుని ఒత్తి బిగిస్తారని, కుందనపు పని అంటే అదేనని నాకు ఓపిగ్గా చూపించారు. అందుకే పాత రాళ్ళ నగల్ని కుంకుడుకాయ నీళ్ళలో నానబెట్టకూడదు. నీరు రేకు దాకా వెళ్తే రాయి నల్లబడిపోతుంది. మనవాళ్ళు ప్రతి పండక్కీ చేసే పని అదే.

ముందు వైపుకి తిప్పి ఒక కెంపు మీద గోరు పెట్టి, "అమ్మా, ఇది తర్వాత పెట్టింది" అన్నారు. మిగిలిన ఆరూ చేత్తో సాన పట్టినవి, ఒకదాని మట్టం ఒకదానికి లేదు, లోపల మచ్చలు, మబ్బులు. ఏడోది మాత్రం గాజులా శుభ్రంగా ఉంది. ల్యాబ్‌లో చూపిస్తే వాళ్ళూ అదే చెప్పారు, లోపల వంపు గీతలున్నాయి, మంటలో కరిగించి చేసిన కెంపు అని. ఆ పద్ధతిని వెర్న్యూయి అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1902లో బయటపెట్టాడు, అలాంటి రాళ్ళు బజారులోకి విరివిగా వచ్చింది ఆ తర్వాతే. ఇక మా మావయ్య "చూశావా, అంతా కట్టుకథే" అనేశాడు. అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఆ వారమే అమ్మ అమ్మమ్మ ట్రంకుపెట్టె దించింది. అడుగున పాత పంచాంగాలు, పన్ను రసీదులు, వాటి మధ్యలో నాలుగు మడతల తాకట్టు కాగితం. ఆరో జార్జి బొమ్మ ఉన్న స్టాంపు, చిత్రభాను నామ సంవత్సరం, అంటే 1942. తాకట్టు పెట్టింది ఆ వైద్యుడి గారి మనవడే. నగల వివరాల్లో ఇలా ఉంది: "చింతాకు పతకం వకటి, కెంపులు యేడింటికి ఆరు వున్నవి, వకటి లేదు."

ఆ ఒక్క వాక్యం చదివి అమ్మ ఏడ్చేసింది. ఏడో కెంపు అప్పటికే రాలిపోయింది, విడిపించుకున్నాక ఎవరో దొరికిన రాయి పెట్టించారు. ఏ లోపం చూసి మావయ్య కట్టుకథ అన్నాడో ఆ లోపమే కాగితంతో సరిపోయింది. వైద్యుడి గారి వంశంలోనే పతకం ఉందని తేలింది కాబట్టి జమీందారు కోడలి కథ కూడా నిజమేనని నేను నమ్ముతున్నాను. లేకపోతే నాటు వైద్యం చేసుకునే ఇంట్లోకి అలాంటి పతకం ఎలా వస్తుంది?

మీ నిజాం మాటకి వస్తాను. తెలంగాణలో పాత నగ ఏది కనబడినా నిజాందే అంటారు. నిజాం కుటుంబం ట్రస్టుల నగలు 173 భారత ప్రభుత్వం 1995లో సుమారు 218 కోట్లకి కొన్నది, అవి రిజర్వు బ్యాంకు భద్రతలో ఉన్నాయి, ప్రతిదానికీ లెక్క ఉంది. జాకబ్ వజ్రం సంగతే చూడండి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి దాన్ని అమ్మిన రత్నాల వ్యాపారి జాకబ్ మీద 1891లో కలకత్తాలో కేసు నడిచింది, కాబట్టి ఆ బేరం కోర్టు రికార్డుల్లోకి ఎక్కింది. నిజాం కాలం నాటిది అనడం వేరు, నిజాంది అనడం వేరు. మీ ఇంట్లోవాళ్ళు రెండోది అంటుంటే ఏ ఉద్యోగానికి, ఎవరికి ఇచ్చారని అడగండి.

నన్నడిగితే పతకం చరిత్ర ఎలా రాసిపెట్టాలో మనకి భద్రాచలం రామదాసు ఎప్పుడో చూపించాడు. తానీషా చెరలో పాడుకున్న కీర్తనలో ఏ నగ ఎవరికి చేయించాడో, దానికి ఎంత పట్టిందో వరసగా చెప్పాడు. సీతమ్మ చింతాకు పతకం అందులో ఉంది. ఇప్పటికీ శ్రీరామనవమి కల్యాణంలో ఆ నగల్ని పైకెత్తి జనానికి చూపిస్తారు. మూడొందల ఏళ్ళు దాటింది, ఆ పతకం ఎవరిదని అడిగే అవసరం ఎవరికీ రాలేదు. మనం మాత్రం పంపకాల్లో పతకాన్ని ఒకరికి, ముత్యాలని ఒకరికి విడగొట్టి, ఆ కథని ఎవరికీ ఇవ్వకుండా వదిలేస్తాం.

మీ నాయనమ్మ ఉంటే ఆవిడ చెప్పేదంతా ఫోన్‌లో రికార్డు చేయండి, పెళ్ళి ఫోటోల్లో పతకం ఎక్కడ కనిపిస్తుందో వెతకండి. అమెరికాలో ఉన్నవాళ్ళు పంపమంటే మాత్రం ఆగండి, వందేళ్ళు దాటినవాటిని దేశం దాటించడం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నేరం.

ఊగుతున్న ముత్యాన్ని ఆచారి గారే బిగించి ఇచ్చారు. ఏడో కెంపు తీసేసి రంగు కలిసే మంచి రాయి పెట్టమంటారా అని అడిగారు. అమ్మ వద్దంది.